దుంపలోంచి ప్రొజెస్టెరాన్ తీశారంటే ఎలా?

ఫార్మసీ_థర్డ్‌ఇయర్:
స్టెరాయిడ్ హార్మోన్ల చరిత్ర మీద సెమినార్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. 1940ల్లో మెక్సికోలో అడవి దుంపల నుంచి ప్రొజెస్టెరాన్ తయారు చేశారని చదివాను. దుంపలో ఆడవాళ్ల హార్మోన్ ఎలా ఉంటుందండీ? అంతకుముందే యూరప్‌లో హార్మోన్లు తయారు చేశారు కదా, మళ్లీ దుంపలెందుకు?

కెమిస్ట్రీ_మాస్టారు:
దుంపలో హార్మోన్ ఉండదమ్మా, డయోస్‌జెనిన్ అనే పదార్థం ఉంటుంది. మన పెండలం కూడా ఆ డయోస్కోరియా జాతిదే, కానీ మెక్సికోది వేరే రకం. స్టెరాయిడ్‌కి కావాల్సిన నాలుగు కార్బన్ వలయాలు డయోస్‌జెనిన్‌లో ముందే ఉంటాయి, పక్కనున్న గొలుసు తెంపితే ఇక కొద్ది మెట్లలో ప్రొజెస్టెరాన్ వస్తుంది. ఆ తెంపే పద్ధతి అమెరికా కెమిస్ట్ రసెల్ మార్కర్‌ది.

యూరప్ సంగతి అంటావా, 1931లో జర్మన్ కెమిస్ట్ బూటెనాంట్ 15,000 లీటర్ల మూత్రం నుంచి తీస్తే వచ్చిన ఆండ్రోస్టెరాన్ అనే మగ హార్మోన్ 15 మిల్లీగ్రాములు! 1935లో ఆయన, స్విట్జర్లాండ్ కెమిస్ట్ రుజిచ్కా విడివిడిగా కొలెస్ట్రాల్ నుంచి మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ చేశారు, గొప్ప పనే, కానీ అలా చేసిన హార్మోన్లు మామూలు రోగి కొనుక్కునే ధరలో లేవు. మార్కర్ 1942లో మెక్సికోలోని వెరాక్రూజ్ వెళ్లి దుంపలు తెచ్చాడు, అమెరికన్ కంపెనీ డబ్బు పెట్టనంటే యూనివర్సిటీ ఉద్యోగం మానేసి 1944లో మెక్సికో సిటీలో సింటెక్స్ అనే హార్మోన్ల కంపెనీ మొదలుపెట్టిన వాళ్లలో ఒకడయ్యాడు. మరుసటి ఏడే గొడవపడి వెళ్లిపోయాడు. సీసాల మీద రసాయనాల పేర్లకు బదులు తనకే తెలిసిన కోడ్‌లు రాసుకున్నాడు, అందుకని తర్వాత వచ్చిన కెమిస్ట్ రోజెన్‌క్రాంజ్ ఆ పద్ధతిని మళ్లీ మొదటి నుంచి నిలబెట్టాల్సి వచ్చింది.

ఏపీఐ_ల్యాబ్:
సెమినార్‌ని అక్కడ ఆపకు చెల్లీ. ప్రొజెస్టెరాన్ చవకైనా మింగితే చాలావరకు లివర్‌లోనే విరిగిపోయేది, అందుకే ఇంజెక్షన్లు. 1938లో బెర్లిన్‌లో షెరింగ్ మందుల కంపెనీ వాళ్లు 17వ కార్బన్ దగ్గర ఎసిటిలీన్ గుంపు తగిలించి ఇథిస్టెరాన్ చేశారు, అది మాత్రగా పనిచేసింది.

ఫార్మసీ_థర్డ్‌ఇయర్:
అది టెస్టోస్టెరాన్‌కి తగిలించారని ఉంది అన్నా. మగ హార్మోన్‌తో మొదలుపెడితే ప్రొజెస్టెరాన్ పని ఎలా చేసింది?

ఏపీఐ_ల్యాబ్:
అదే అసలు విశేషం. ఆ గుంపు చేరాక మగ హార్మోన్ గుణం బాగా తగ్గిపోయి ప్రొజెస్టెరాన్ గుణం బయటపడింది. తర్వాత దాంట్లోంచి 19వ కార్బన్ కూడా తీసేస్తే బలం చాలా పెరిగింది, అదే నోరెథిస్టెరాన్, తర్వాత గర్భనిరోధక మాత్రల్లో వాడిన మందు. 1951 అక్టోబర్ 15న సింటెక్స్ ల్యాబ్‌లో చివరి మెట్టు తన చేత్తో పూర్తి చేసింది లూయిస్ మిరామోంటెస్, అప్పటికి 26 ఏళ్ల స్టూడెంట్. పేటెంట్‌లో అక్కడి కెమిస్ట్ జెరాసీ, రోజెన్‌క్రాంజ్‌లతో పాటు ఆయన పేరూ ఉంది, కానీ చాలా చోట్ల జెరాసీ ఒక్కడినే చెబుతారు. నీ స్లైడ్‌లో ముగ్గురి పేర్లూ పెట్టు.