సంచి పద్ధతి నుంచి స్పార్జింగ్‌కు మారాలా? మొదట దేని మీద ఖర్చు పెట్టాలి?

మారతహళ్లి_మాల్ట్:
అందరికీ నమస్కారం. మాల్టు పాకం (ఎక్స్‌ట్రాక్టు) డబ్బాలు మానేసి ఇప్పుడు పూర్తిగా మాల్టుతోనే, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతోనే, బీరు కాస్తున్నాను. ముప్పై లీటర్ల స్టీలు పాత్ర, అందులో నైలాను సంచి, 66 డిగ్రీల దగ్గర గంటసేపు మ్యాష్, అంటే మాల్టును వేడినీళ్లలో నానబెట్టడం. మాల్టులోంచి చక్కెర రాబట్టే ఎఫిషియెన్సీ 60 శాతం దాటడం లేదు. పైగా గొంతు దిగేటప్పుడు నాటుసారా ఘాటు. అడుగున జల్లెడ, కుళాయి ఉన్న రెండో పాత్ర చేయించుకుని స్పార్జింగ్ (మ్యాష్ అయ్యాక గింజలను వేడినీళ్లతో కడగడం) మొదలుపెడదామని ఆలోచన. డబ్బు మాత్రం ఏదో ఒక్కదానికే ఉంది. నీళ్లు ట్యాంకరువి. పెద్దలు చెప్పాలి.

యలహంక_పీపా:
ఆలోచించకుండా చేయించుకోండి. గింజల మధ్య ఇరుక్కున్న చక్కెర సంచిని పిండితే రాదు, 75 డిగ్రీల నీళ్లతో నెమ్మదిగా కడిగితేనే వస్తుంది. నాది మూడు పాత్రల అమరిక. నీళ్లకు ఒకటి, మ్యాష్‌కు ఒకటి, మరిగించడానికి ఒకటి. పీణ్య పారిశ్రామికవాడలో దగ్గర నిలబడి వెల్డింగు చేయించాను. 80 శాతం కంటే కిందికి పడిన గుర్తు లేదు.
ఇంకో మాట. మాల్టును మిక్సీలో వేస్తుంటే ఈ రోజే మానేయండి. పొట్టు చెడకుండా గింజ చిట్లాలి. రోలరు మిల్లులో సందు ఒక మిల్లీమీటరు దగ్గర పెట్టండి. మన దేశపు బార్లీ ఎక్కువగా ఆరు వరసల రకం, పొట్టు పుష్కలం. ఆ పొట్టే వడపోత పరుపు. అది పిండి అయిందా, కుళాయి పూడుకుపోయి సాయంత్రం దాకా పాత్ర ముందు కూర్చోవాలి.

జయనగర_జాడీ:
ఆయన ఘాటు గురించి అడిగితే మీరు కుళాయి గురించి చెప్పారు.
ఆ ఘాటు మ్యాష్‌లో పుట్టదు, బీరు పులిసే ఫెర్మెంటర్‌లో పుడుతుంది. ఏప్రిల్‌లో గది 30 డిగ్రీలుంటే, ఈస్ట్ ఊపందుకున్నాక లోపల ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. ఏల్ రకం బీరుకు వేసే మామూలు ఈస్ట్‌కు 18 నుంచి 20 సరిపోతుంది. ఆ పైన అంత వేడిలో ఫ్యూసెల్ ఆల్కహాళ్లు తయారవుతాయి, నాటుసారా వాసన అదే. పాత ఫ్రిజ్ ఒకటి, దానికో టెంపరేచర్ కంట్రోలర్ కొనండి.
ఎఫిషియెన్సీ లెక్క కూడా చూద్దాం. 20 లీటర్లకు 1.050 గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత) రావాలంటే 75 శాతం దగ్గర సుమారు నాలుగున్నర కిలోల మాల్టు కావాలి, 60 దగ్గర అయిదున్నర. తేడా ఒక్క కిలో. దాని కోసం స్టీలు పాత్రా?

కెంగేరి_కిణ్వం:
క్వైక్ ఈస్ట్ వేసి చూడండి. నార్వే పల్లెలది. 35 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులుస్తుంది.

యలహంక_పీపా:
ఒక్క కిలోనట! అన్నం గిన్నె అడుగున మెతుకులుండగానే కడిగేసే ఇంట్లో పెరగలేదు నేను. మాల్టు ఊరికే రాలేదు.
ఉష్ణోగ్రత పాఠాలు చెబుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. ప్రతి బ్యాచ్‌కు ముందు నేను థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టి ముల్లును సరిగ్గా 100 మీదికి తిప్పుకుంటాను. ఇక్కడ ఎంతమంది చేస్తారు ఆ పని?

జయనగర_జాడీ:
బెంగళూరులోనా? సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. 97ను 100గా చూపేలా తిప్పారంటే, మీ ముల్లు 66 దగ్గర ఉన్నప్పుడు మ్యాష్ 63లో ఉంటుంది. అక్కడ పిండిని ఈస్ట్ తినగల చక్కెరగా మార్చే బీటా అమైలేజ్ ఎంజైముదే రాజ్యం. వచ్చిన చక్కెరలో ఎక్కువ భాగం ఈస్ట్ తినేస్తుంది, బీరు నోట్లో నిలవదు. 80 శాతం తీసి పలచన చేసుకుంటున్నారన్నమాట.

యలహంక_పీపా:
నాది డయల్ థర్మామీటరు. ముల్లు మందమే ఉంటుంది మీరు చెప్పే తేడా.

దారినపోయే_దానయ్య:
కర్ణాటక ఎక్సైజ్ చట్టం, 1965. లైసెన్సు లేకుండా మద్యం తయారీ నేరం. ముల్లు మందం కొలిచే ముందు అదీ చదవండి.

జయనగర_జాడీ:
చదివాం. ఇప్పుడు స్పార్జింగ్ సంగతి కూడా చెప్పేస్తాను. బోరు నీళ్లలో ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్ ఎక్కువ. ఆ నీళ్లతో కడుగుతూ పోతే చివరికి పీహెచ్ 6 దాటుతుంది, పొట్టులోని వగరు పదార్థాలు, అంటే టానిన్లు, దిగుతాయి. యలహంక గారి బీరు వగరుగా ఉండేది అందుకే. మొన్న వారింట్లో అందరూ మర్యాదకు తాగారు.

యలహంక_పీపా:
మర్యాదకా! మీరు సగం గ్లాసు మా తులసి పక్కనున్న పూలకుండీలో పోయడం మా ఆవిడ చూసింది. నేను అడగలేదు, ఇంటికొచ్చిన మనిషని. ఎదురుగా చెప్పని మాట ఇక్కడ పదిమందిలో చెబుతున్నారు.
అసలు మీకు బీరంటే ఫ్రిజ్‌లో పెట్టి తలుపు వేసి, తర్వాత గ్లాసులో పోసుకుని మార్కులు వేయడం. దానికి ఇందిరానగర్ వెళితే సరిపోతుంది, మైక్రోబ్రూవరీలకు కొదవ లేదు. నాకు ఆదివారం పొద్దున మిల్లు తిప్పడం దగ్గర నుంచి మధ్యాహ్నం చేదు కోసం హాప్స్ పూలు వేసేదాకా చేసే పనే కావాలి. ఆఫీసులో వారమంతా చేత్తో ముట్టుకునేది ఏదీ లేదు నాకు.

జయనగర_జాడీ:
కుండీలో పోసిన మాట నిజమే. ఎదురుగా చెబితే వినేవారా?
ఆ పని మీకు ఇష్టమైతే కొత్తవారికి అదే చెప్పండి. స్పార్జింగ్ చేస్తే బీరు బాగుపడుతుందని మాత్రం చెప్పకండి. ఆయన దగ్గర ఉన్నది ఒక్కదానికి సరిపడే డబ్బు.

మారతహళ్లి_మాల్ట్:
ఆ ఒక్కటి ఏమిటో ఇంకా తేలలేదండీ. నాది అద్దె ఇల్లు. రెండో ఫ్రిజ్ అంటే ఇంట్లో ఒప్పుకోరు, మూడు పాత్రలంటే బాల్కనీ పట్టదు. ట్యాంకరు నీళ్ల గురించి ఎవరూ చెప్పనే లేదు.

కెంగేరి_కిణ్వం:
ట్యాంకరు అంటే చాలావరకు బోరే. సగం ఆర్‌ఓ నీళ్లు కలపండి, లాక్టిక్ ఆమ్లం చుక్కలు చుక్కలుగా వేస్తూ మ్యాష్ పీహెచ్‌ను 5.2, 5.6 మధ్యకు తెండి. మొత్తం ఆర్‌ఓ అయితే కాల్షియం ఉండదు, కాస్త జిప్సం వేయాలి. ఫ్రిజ్ బదులు పెద్ద టబ్బు. నీళ్లు పోసి ఫెర్మెంటర్‌ను దించి, తడిగుడ్డ చుట్టి, పొద్దున సాయంత్రం గడ్డకట్టిన నీళ్ల సీసాలు మార్చండి. మొదటి మూడు నాలుగు రోజులే ముఖ్యం. డబ్బు మిగిలితే మిల్లు కొనండి.

జయనగర_జాడీ:
దీనితో ఒప్పుకుంటాను. యలహంక గారూ, ఒక్క పని చేయండి. నలగ్గొట్టిన ఐసు నీళ్లలో మీ థర్మామీటరు ముంచి ఎంత చూపిస్తుందో చెప్పండి. అది ఎత్తుతో మారదు.

యలహంక_పీపా:
ముంచను. ఆదివారం మ్యాష్ ఉంది. స్పార్జ్ నీళ్లలో ఈసారి ఆమ్లం కలుపుతున్నాను, మీరు చెప్పారని కాదు. వచ్చేవారు రావచ్చు. పూలకుండీలు మేడ మీదికి చేర్చాం.