పైథాన్ అంకెల ఆటలో స్కోరు 1 దాటడం లేదు

ప్రశ్న: నమస్కారం. కంప్యూటర్ 1 నుంచి 10 లోపు ఎంచుకున్న అంకెను ఊహించే చిన్న ఆటను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. గెలిచినప్పుడల్లా స్కోరుకు ఒకటి కలపమని రాసినా, వరుసగా మూడు ఆటలు గెలిచాక కూడా తెరమీద 1 మాత్రమే కనిపిస్తోంది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పగలరా?

జవాబు: ‘స్కోరు = 0’ అన్న వరుసను మీరు వైల్ లూప్ (ఆటను మళ్లీ మళ్లీ నడిపే భాగం) లోపల రాసి ఉంటారు. అలా రాస్తే ప్రతి ఆట మొదట్లోనూ స్కోరు మళ్లీ సున్నా అవుతుంది కనుక, ఎన్నిసార్లు గెలిచినా 1 దాటదు. ఆ వరుసను లూప్‌కు పైన పెట్టండి. ఒకటి కలిపే వరుస మాత్రం గెలుపును పరీక్షించే ఇఫ్ కిందే, సరైన ఇండెంటేషన్‌తో (వరుస మొదట్లో వదిలే ఖాళీతో) ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ, ఇప్పుడు 1, 2, 3 అని పెరుగుతోంది. అయితే ఆటను ఒక ఫంక్షన్‌లోకి (పేరుతో పిలిచి వాడుకునే కోడ్ ముక్కలోకి) మార్చగానే అన్‌బౌండ్‌లోకల్‌ఎర్రర్ అనే లోపం వస్తోంది.

మరొక జవాబు: ఫంక్షన్ లోపల ఒక పేరుకు విలువ ఇస్తే, పైథాన్ దానిని ఆ ఫంక్షన్ సొంత వేరియబుల్‌గానే (విలువను ఉంచుకునే పేరుగానే) చూస్తుంది, అందుకే విలువ ఇంకా లేని స్కోరుకు ఒకటి కలపలేక ఆగిపోతుంది. స్కోరును గ్లోబల్ (ప్రోగ్రాం అంతటికీ ఉమ్మడి) అని ప్రకటిస్తే పని జరుగుతుంది గానీ, ఆ అలవాటు వద్దని నా సలహా, ఎందుకంటే ప్రోగ్రాం పెరిగేకొద్దీ స్కోరు ఎక్కడ మారిందో వెతుక్కోవలసి వస్తుంది. స్కోరును ఫంక్షన్‌కు అందించి, కొత్త విలువను రిటర్న్‌తో వెనక్కి తీసుకుని, ‘స్కోరు = ఆడు(స్కోరు)’ అన్న పద్ధతిలో రాయండి (ఇక్కడ ‘ఆడు’ అన్నది ఆ ఫంక్షన్ పేరు).