కుక్కపిల్లకు పార్వో టీకా: రెండు డోసులు చాలవా?

శునకప్రియ: మా లాబ్రడార్ పిల్లకు పదకొండు వారాలు. ఆరో వారంలో అమ్మినాయనే పార్వోకు (వాంతులు, రక్తవిరేచనాలతో కుక్కపిల్లలను చంపే వైరస్ జబ్బు) ఒక టీకా వేయించి ఇచ్చారు, తొమ్మిదో వారంలో నేను వేయించాను. పదహారు వారాలు నిండాక మరొకటి తప్పదని డాక్టరు గారంటున్నారు. అమ్మినాయన రెండు చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

నల్లగేటు: రెండు చాలు. ఇరవై ఏళ్ళుగా పిల్లలను పెంచి అమ్ముతున్నాను. మూడోది డాక్టరు జేబు కోసం. మా తాతగారి కుక్క ఒక్క సూది లేకుండా పద్నాలుగేళ్ళు బతికింది.

విశ్రాంత పశువైద్యుడు: కుక్కల్లో పార్వోను గుర్తించిందే 1978లో. తాతగారి కాలంలో ఆ జబ్బే లేదేమో! తల్లి జున్నుపాలతో వచ్చిన యాంటీబాడీలు పిల్లను కాపాడతాయి, టీకానూ పని చేయనివ్వవు. అవి ఒక పిల్లలో ఎనిమిదో వారానికే తగ్గిపోతాయి, మరొక దానిలో పద్నాలుగు దాటినా ఉంటాయి. ఒకే ఈత పిల్లలైనా అంతే. అందుకే మూడు నాలుగు వారాలకొకటి వేస్తూ పోతాం, ఏదో ఒకటి పట్టాలని. ఎన్ని వేశారన్నది కాదు, ఆఖరిది పదహారు వారాలు నిండాక పడిందా అన్నది చూడాలి.

నల్లగేటు: అంటే మొదటి రెండూ దండగేనని మీరే ఒప్పుకున్నారు.

విశ్రాంత పశువైద్యుడు: తల్లి రక్షణ ముందే తగ్గిన పిల్లకు ఆ రెండే దిక్కు. అది ఏ పిల్లో పైకి చూస్తే తెలియదు.

పెరటిమామిడి: ఫ్రిజ్‌లో పెట్టని టీకా ఎన్నిసార్లు వేసినా నీళ్ళే.

నల్లగేటు: నేను మొదటినుంచీ అంటున్నది అదే.

పెరటిమామిడి: ఎక్కడ అన్నారండీ?

గోదారిగట్టు: రెండేళ్ళ క్రితం నేను తెచ్చిన పిల్లకు నలభై రోజులన్నారు. కార్డులో రెండు టీకాలు వేసినట్టే ఉంది. ఐదో రోజు వాంతులు, ఆరో రోజు రక్తవిరేచనాలు. మూడు రోజులు సెలైన్ పెట్టించాం, దక్కలేదు. మా పాప ఇప్పటికీ దాని గిన్నె తీయనివ్వదు. అమ్మినాయన మాత్రం, వీధిలో తిప్పి ఉంటారు అన్నాడు.

నల్లగేటు: తిప్పారా లేదా? అది చెప్పండి.

గోదారిగట్టు: గడప దాటించలేదు!

విశ్రాంత పశువైద్యుడు: సోకాక లక్షణాలు కనబడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు. అక్కడే సోకి ఉండవచ్చు, చెప్పుల మట్టితోనూ రావచ్చు. కానీ నలభై రోజులకే రెండు టీకాలా? అసలు కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మనే కూడదు.

నల్లగేటు: ఎనిమిది వారాల పిల్లను చూపిస్తే "పెద్దదైపోయింది, మాకు మాలిమి కాదు" అని వెళ్ళిపోయేది మీరే కదా! అరచేతిలో పట్టేది కావాలంటారు. ఆ అదనపు వారాల తిండి, టీకాల ఖర్చు ఎవరిస్తారు? మొన్న చలికాలంలో నాకు ఒక ఈత మొత్తం, ఏడు పిల్లలు, పోయాయి. ఎవరైనా అడిగారా?

గోదారిగట్టు: తర్వాతి ఈతను ఆ షెడ్డులోనే పెట్టారా?

నల్లగేటు: ఫినాయిల్‌తో కడిగించాను.

విశ్రాంత పశువైద్యుడు: ఫినాయిల్‌కు పార్వో చావదండీ. ఒక వంతు బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి, కడిగిన నేల మీద పోసి పది నిమిషాలు తడి ఆరకుండా ఉంచాలి. మట్టి నేలైతే అదీ సరిగ్గా పని చేయదు, వైరస్ నెలల తరబడి ఉంటుంది.

శునకప్రియ: మా కార్డు తీసి లెక్క చూశాను. ఆరో వారంలో వేశామన్న టీకా నాటికి మా పిల్లకు ముప్ఫై రోజులే.