18 దాటిన కొడుకు అప్పుకి తండ్రిని పట్టుకోవచ్చా?

బ్యారన్_బాబాయి (టంగుటూరు దగ్గర):
మావాడు బీటెక్‌లో చేరినప్పుడు ఒంగోలులో ఒక బ్యాంకులో 4 లక్షలు చదువు లోను తీసుకున్నాం. ఇప్పుడు వాడికి 24, బెంగుళూరులో ఉద్యోగం. ఆర్నెల్ల నుంచీ కిస్తీ కట్టట్లేదు. బ్యాంకోళ్లు మొన్న ఇంటికే వచ్చారు, పొగాకు కూలీలందరి ముందూ. వాడికీ నాకూ ఏ సంబంధమూ లేదని పేపర్లో ప్రకటన కూడా వేయించా. 18 దాటితే మేజరే గదా, ఇంక నాతో పనేంది వాళ్లకి? తెలిసినోళ్లు చెప్పండి.

పాత_గుమాస్తా (నెల్లూరు):
లాయరు గారి దగ్గర 30 ఏళ్లు కాగితాలు రాశాను సామీ. ఆ పేపరు బజ్జీలు పొట్లం కట్టడానికి పనికొస్తుంది. లోను కాగితం మీద మీరు సంతకం పెట్టారా, లేదా? అది చెప్పండి ముందు.

రొయ్యల_గుంట:
మా పక్కింట్లో కూడా ఇదే గొడవ. చూస్తా ఉంటా.

బ్యారన్_బాబాయి:
పెట్టా. పెట్టకపోతే ఇస్తారా? కానీ అప్పుడు వాడికి 17. మైనరు రాసిచ్చిన ఒప్పందం చెల్లదని 1903లోనే తీర్పు ఉందంట, మా బావమరిది చెప్పాడు. అట్టయితే ఆ లోనే చెల్లదు.

పాత_గుమాస్తా:
మీ బావమరిది సగం చదివి వదిలేశాడు. అది మోహరీ బీబీ కేసు. మైనరు రాసిచ్చిన తాకట్టు చెల్లదన్నారు. మీరు మైనరు కాదుగా! పిల్లాడికి 18 నిండకపోతే బ్యాంకు తల్లి చేతో తండ్రి చేతో రాయించుకుంటుంది, నిండాక వాడి దగ్గర ఒప్పుదల కాగితం తీసుకుంటుంది. వాడికి అప్పుడు 17 అని మీరు గట్టిగా అనేకొద్దీ అప్పు మీ మెడకే చుట్టుకుంటుంది.

బ్యారన్_బాబాయి:
మరి 18కి విలువేంది? ఓటుకి 18, అదీ 1989 దాకా 21. మగపిల్లాడి పెళ్లికి 21. మన రాష్ట్రంలో మందు షాపుకి పోవాలన్నా 21. ఒక లెక్కా పత్రం లేదు.

పాత_గుమాస్తా:
లెక్క ఉంది. 1875 మెజారిటీ చట్టం ప్రకారం 18. కోర్టు గార్డియన్‌ని పెట్టిన పిల్లలకి మాత్రం 21 ఉండేది, 1999లో అదీ తీసేశారు. అయినా మీ కేసులో వయసుతో పనేముంది? సంతకం మీది. కిస్తీ 90 రోజులు దాటితే మొండి బాకీ అంటారు, మీది ఆర్నెల్లు. ఎవరు అప్పు ఎట్టా కట్టారో రాసిపెట్టే సిబిల్‌లో మీ పేరూ చెడుతుంది. రేపు పంట లోనుకి పోయినప్పుడు తెలుస్తుంది.

కావలి_కుర్రోడు:
బాబాయ్, ఒక్క మాట. ఆర్నెల్ల కిందట ఏం జరిగింది?

బ్యారన్_బాబాయి:
అది ఇక్కడ అనవసరం.

మూడో_కూతురు:
మా అన్న చదువుకి మా నాన్న ఎకరం అమ్మాడు. నన్ను ఇంటర్‌తో ఆపేశాడు. 1956 హిందూ దత్తత, పోషణ చట్టం ఏమంటుందో తెలుసా? పెళ్లికాని కూతురికి సొంత ఆధారం లేకపోతే 18 దాటినా పోషించాల్సింది తండ్రే. ఒళ్లు బాగుండి మేజరైన కొడుక్కి ఆ హక్కు లేదు. మన ఇళ్లల్లో దాన్ని తిరగేసి నడుపుతారు. ఇప్పుడు అమ్మ మందులు కొనేది నేను.

బ్యారన్_బాబాయి:
అమ్మా, నేనడిగింది లోను సంగతి.

కావలి_కుర్రోడు:
నేనూ దాని గురించే అడుగుతున్నా. నాకు 25 వచ్చేదాకా నా ఏటీఎం కార్డు మా నాన్న జేబులో ఉండేది. టీ తాగాలన్నా అడగాలి. మీ అందరికీ ఒకటే పద్ధతి బాబాయ్. అప్పు తీర్చాలంటే మేజరు, పెళ్లి చేసుకుంటానంటే పాలు తాగే పిల్లోడు.

బ్యారన్_బాబాయి:
నోరు అదుపులో పెట్టుకో. నీకెవరు చెప్పారు పెళ్లని? అవును, చేసుకున్నాడు. మాకు చెప్పకుండా. గడప తొక్కొద్దన్నా. తప్పా? రెండేళ్లు నెలనెలా 20 వేలు పంపినోడు ఆ నెల నుంచి రూపాయి పంపలా.

కావలి_కుర్రోడు:
ఎవరికి పంపాడు? బ్యాంకుకా, మీకా?

బ్యారన్_బాబాయి:
నా ఖాతాకి. కిస్తీ దాన్లోంచే గదా పోయేది. కిస్తీకి 7 వేలు, మిగతాది ఇంటికి.

కావలి_కుర్రోడు:
24 నెలలకి 4,80,000. కిస్తీలకి 1,68,000. మిగతా 3,12,000 బ్యాంకులో వేసుంటే ఈ పోస్టు పెట్టే పనే లేదు.

బ్యారన్_బాబాయి:
పొగాకు కాల్చే బ్యారన్‌కి కొత్త గొట్టాలు వేయించా. అమ్మాయి పెళ్లి బాకీ తీర్చా. తాగి తగలేశానా? కొడుకు ఇంటికి పంపింది అప్పు తీర్చినట్టు ఎట్టా అవుద్ది? మా నాయనకి నేనిచ్చినప్పుడు పుస్తకంలో రాసుకున్నానా? ఇట్టా లెక్కలడిగితే నేనూ అడుగుతా. తల్లిదండ్రుల్ని పిల్లలు పోషించాలని 2007 చట్టం ఉంది, ఆర్డీవో దగ్గర కేసు వేస్తా.

పాత_గుమాస్తా:
వేయొచ్చు. సొంత సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లిదండ్రులకి ఆ చట్టం. పొలం, బ్యారన్ పెట్టుకుని పోతే ఆర్డీవో ఏమంటాడో మీరే ఊహించుకోండి. ఒకవేళ ఇప్పించినా నెలకి 10,000 మించదు. మీవాడు అడక్కుండా పంపినదాంట్లో సగం.

మూడో_కూతురు:
ఆ పెళ్లి బాకీ ఎవరి డబ్బుతో తీరిందో మీ అమ్మాయికి తెలుసా?

రొయ్యల_గుంట:
పేపరు ప్రకటనకి ఎంతయింది బాబాయ్? మా పక్కింటాయన అడగమన్నాడు.

బ్యారన్_బాబాయి:
అమ్మాయికి తెలీదు.
గుమాస్తా గారూ, రేపు పొద్దున బ్యాంకుకి పోతన్నా. ఆరు కిస్తీలూ కట్టేస్తే ఇంటికి రావడం ఆపుతారా?

పాత_గుమాస్తా:
ఆపుతారు. అపరాధ వడ్డీ ఎంతో అడిగి, రసీదు తీసుకోండి. లోను ఖాతా మీవాడి పేరు మీదే కదా, కట్టగానే వాడి ఫోనుకి మెసేజ్ పోతుంది.

బ్యారన్_బాబాయి:
మెసేజ్ పోకుండా కట్టే దారేమన్నా ఉందా?