ఎక్కువకాలంగా మంచాన ఉన్నవారి దగ్గర విలాప కీర్తనలు చదవడం ఎలా? సణుగుడుకీ మొరకీ తేడా ఎక్కడ?

దర్శన_సేవ అడిగారు:

అందరికీ వందనాలు. రోగులను పరామర్శించే సంఘ బృందం కోసం ఒక చిన్న పద్ధతి రాసుకుంటున్నాం. నెలల తరబడి మంచం పట్టినవారి దగ్గరికి ఎవరు వెళ్లినా అవే వచనాలు: రోమా 8:28 (సమస్తం మేలుకే జరుగుతుంది), యిర్మీయా 29:11 (నా ఉద్దేశాలు మీ సమాధానానికే), ఫిలిప్పీ 4:13 (నన్ను బలపరచేవానిలో సమస్తం చేయగలను). రోగి ఆమెన్ అంటారు, గోడవైపు తిరిగి పడుకుంటారు.

అందుకని విలాప కీర్తనలు, అంటే బాధను దాచకుండా దేవునితోనే చెప్పుకునే కీర్తనలు, వాడదామన్న ఆలోచన వచ్చింది. బృందంలోనే రెండు అభ్యంతరాలున్నాయి. "దేవా, నన్ను మరచిపోయావా" అని రోగి చేత అనిపిస్తే అది అరణ్యంలో ఇశ్రాయేలీయులు సణిగినట్టే కదా అని ఒకరు అంటున్నారు. అసలే కుంగిపోయిన మనిషిని ఇంకా కుంగదీసినట్టు అవుతుందేమో అని ఇంకొకరు. ఏ కీర్తనలు చదవాలి, ఎంతసేపు, ఏ వరసలో, ఎక్కడ బెడిసికొడుతుంది? సాక్ష్యాలు వద్దు, పనికొచ్చే వివరాలు చెప్పండి.

కీర్తనల_బడి:

వందనాలండీ. ముందు సణుగుడు సంగతి, ఎందుకంటే అది తేలకపోతే మిగతాదంతా అపరాధభావంతోనే నడుస్తుంది.

సంఖ్యాకాండము 11వ అధ్యాయం ఒక్కటి చాలు. అదే అధ్యాయంలో ప్రజలు సణుగుతారు, దేవునికి కోపం వస్తుంది. కొన్ని వచనాల తర్వాత మోషే అంతకంటే ఘాటుగా మాట్లాడతాడు: ఈ జనాన్ని నేను కన్నానా, ఈ భారం నేను మోయలేను, ఇలాగైతే నన్ను చంపెయ్యి అంటాడు (11-15). దానికి శిక్ష లేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఇస్తాడు దేవుడు (16-17). మాటల ఘాటులో తేడా లేదు, మాట ఎటు తిరిగి ఉంది అన్నదే తేడా. ద్వితీయోపదేశకాండము 1:27 చూడండి, వాళ్లు గుడారాల్లో కూర్చుని దేవుని గురించి మాట్లాడుకున్నారు. ఆయనతో మాట్లాడలేదు. పైగా సంఖ్యాకాండము 14:4లో ఇంకొక నాయకుణ్ణి పెట్టుకుని ఐగుప్తుకు తిరిగిపోదాం అనేదాకా వెళ్లారు. మొరపెట్టేవాడు తలుపు దగ్గరే నిలబడి కొడుతుంటాడు, సణిగేవాడు తలుపుకి వీపు పెట్టి వెళ్లిపోతుంటాడు.

(గోడవైపు తిరగడం గురించి ఒక మాట. హిజ్కియా రాజు కూడా జబ్బులో గోడవైపే తిరిగి ప్రార్థించాడు, యెషయా 38:2. కాబట్టి ఆ వీపు చూసి ప్రార్థన అయిపోయిందని అనుకోకండి.)

ఇక పద్ధతి. మొదటిసారికి 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. పూర్తిగా చదివినా నిమిషం పట్టదు.

మొదట వచ్చినవారు నెమ్మదిగా ఒకసారి పూర్తిగా చదవాలి. పాత అనువాదం భాష కొంతమందికి దూరంగా ఉంటుంది, అలాంటప్పుడు రెండోసారి వాడుక మాటల్లో చెప్పండి. తర్వాత 1, 2 వచనాల దగ్గరికి తిరిగి వచ్చి ఆగండి. హెబ్రీలో అక్కడ ఒకే ప్రశ్నపదం నాలుగుసార్లు వస్తుంది. తెలుగులో అది "ఎన్నాళ్లవరకు", "ఎంతకాలము", "ఎంతవరకు" అని మారుతుంది కాబట్టి దెబ్బమీద దెబ్బలాంటి ఆ వరస కొంచెం పలచబడింది. నాలుగూ నాలుగు రకాల బాధలు: దేవుడు మరచిపోయాడేమో, ముఖం తిప్పుకున్నాడేమో, నా మనసులోనే ఆలోచనలు తిరుగుతున్నాయి, నాకు ఎదురైనదే గెలుస్తోంది. "వీటిలో మీది ఏది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి. అర నిమిషం మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అయినా నింపకండి.

వారు ఎంచుకున్నాక "ప్రభువా, ఎన్నాళ్లు..." అనే వాక్యాన్ని వారి మాటలతోనే పూర్తి చేయమనండి. "కష్టాలు" అంటే చాలదు. "రాత్రి రెండింటికి మొదలయ్యే ఈ నొప్పి" అనాలి. కాగితం మీద రాసి అక్కడే ఉంచండి. 3వ వచనంలో మూడు క్రియలున్నాయి: చూడు, జవాబివ్వు, నా కళ్లకు వెలుగివ్వు. దాని దగ్గర ఈ రోజుకి ఒకే ఒక్క విన్నపం, పెద్దది కానక్కర్లేదు. నిద్ర పట్టడం కూడా విన్నపమే.

నమ్మకాన్నీ స్తుతినీ చెప్పే 5, 6 వచనాలు రోగి చేత చదివించకండి. వచ్చినవారు చదవాలి, రోగి వింటే చాలు. మార్కు 2:5లో పక్షవాత రోగిని మోసుకొచ్చినవారి విశ్వాసం చూసి యేసు మాట్లాడాడు, కాబట్టి ఒకరి తరఫున ఇంకొకరు నమ్మకం మోయడం కొత్త సంగతేమీ కాదు. అక్కడితో ఆపేయండి, వివరణ వద్దు. అంతా కలిపి పది పన్నెండు నిమిషాలు.

ఎక్కువగా చెడేది ఒకే చోట: 2వ వచనం నుంచి నేరుగా 5కి దూకడం. వినేవారికి ఆ కన్నీళ్లు భరించడం కష్టం, అందుకే తొందరపడతారు. కానీ "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అనే మాటకి బరువు పై నాలుగు వచనాల వల్లే వచ్చింది. దావీదు పరిస్థితి ఆ మధ్యలో మారిందని కీర్తన ఎక్కడా చెప్పదు. ఆ నాలుగు వచనాలూ కోయకండి. రెండోది, చివర్లో "ఇప్పుడు మనసు తేలికైందా?" అని అడగడం. తేలిక పడకపోతే వారు అబద్ధమాడాల్సి వస్తుంది.

వాగ్దాన_ధ్వని:

బ్రదర్, క్షమించండి, నేను ఒప్పుకోను. జీవమరణములు నాలుక వశము అని సామెతలు 18:21 చెబుతోంది. యెషయా 53:5 ప్రకారం స్వస్థత కలిగింది. రోగి చేత విశ్వాసపు మాటలు పలికించాలి గానీ "మరచిపోయావు" అనిపించడం ఏమిటి?

మూలభాష_పాఠకుడు:

@వాగ్దాన_ధ్వని గారూ, మీ మాటని పక్కన పెట్టేయను, దాన్ని కొలిచి చూద్దాం. సిలువ మీద యేసు నోట వచ్చిన మాటల్లో ఒకటి 22వ కీర్తన మొదటి వచనం (మార్కు 15:34), ఇంకొకటి 31వ కీర్తన 5వ వచనం (లూకా 23:46). రెండూ విలాప కీర్తనలే. హెబ్రీ 5:7 ఆయన మహా రోదనతో, కన్నీళ్లతో ప్రార్థించాడని చెబుతుంది. "నన్నెందుకు విడిచితివి" అన్న మాట అవిశ్వాసపు నాలుక అయితే, ముందు ఆ నాలుకనే తప్పుపట్టాలి.

స్వస్థత దేవుడు ఇస్తాడు, అడగాలి కూడా. యాకోబు 5:14 సంఘపెద్దలను పిలిచి నూనె రాసి ప్రార్థన చేయించుకోమంటుంది. కానీ అదే కొత్త నిబంధనలో తన సహచరుడు త్రోఫిము జబ్బుపడితే పౌలు అతణ్ణి మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకీ తరచుగా వచ్చే బలహీనతలకీ కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు (1 తిమోతి 5:23), నీ విశ్వాసం తక్కువ అనలేదు. తన శరీరాన్ని బాధించే "ముల్లు" తీసేయమని పౌలే మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" (2 కొరింథీ 12:8-9).

పరామర్శకు వెళ్లేవారు చేసే ఒక ప్రమాదకరమైన పని గురించి చెప్పాలి. ఫలానా నెలకల్లా లేచి నడుస్తారు అని తేదీ చెప్పడం. యిర్మీయా 28లో హనన్యా అనే ప్రవక్త చేసింది సరిగ్గా అదే, బబులోను చెరకు పోయినదంతా రెండేళ్లలో తిరిగి వస్తుందన్నాడు. జనానికి నచ్చింది. యిర్మీయా మాత్రం 70 ఏళ్లన్నాడు. మీరు రోజూ చదివే 29:11 ఆ 70 ఏళ్ల మాట ఉన్న 10వ వచనానికి తర్వాతదే! ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అన్న 5వ వచనం నుంచి కలిపి చదవండి. అప్పుడది "త్వరలో అయిపోతుంది" అనే వచనంగా కాక, "ఇంకా చాలాకాలం ఇక్కడే ఉంటారు, అయినా నేను మిమ్మల్ని మరచిపోలేదు" అనే వచనంగా వినిపిస్తుంది. మంచాన ఉన్నవారికి ఈ రెండోదే ఎక్కువ పనికొస్తుంది.

రోమా 8:28 కూడా ఒంటరిగా తీయకండి. 18 నుంచి మొదలుపెడితే మూలుగులు మూడు వస్తాయి: సృష్టి (22), మనం (23), ఆత్మ (26). మాటలు రానివారికి 26వ వచనం చాలా దగ్గరగా ఉంటుంది. ఇక "మేలు" అంటే ఏమిటో 29వ వచనమే చెప్పేసింది, ఆయన కుమారుని పోలికలోకి రావడం. దాన్ని వదిలేస్తే, ఈ జబ్బు వెనక ఏదో లాభం దాగి ఉందన్నట్టు వినిపిస్తుంది. ఫిలిప్పీ 4:13కి కూడా ఇదే వర్తిస్తుంది, 11 నుంచి చదవండి.

మంచం_పక్కన:

రోగి గదిలో మెలగడం గురించి నాలుగు మాటలు.

వెళ్లేముందు అడిగి వెళ్లండి. ఇద్దరికి మించి వద్దు, పదిహేను ఇరవై నిమిషాలు చాలు. నిలబడి మాట్లాడకండి, వారి కళ్ల ఎత్తుకి కూర్చోండి. నొప్పి మందు వేసుకున్న వెంటనే మగతగా ఉండవచ్చు, ఆ వేళ తప్పించండి. ప్రార్థన చేయాలా, వద్దా, దేనికోసం చేయాలి అని అడగండి. అడగకుండా గట్టిగా చేసే పది నిమిషాల ప్రార్థన తరచుగా వచ్చినవారి భయాన్ని తగ్గించడానికే పనికొస్తుంది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు (2:13). వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు విప్పాక చెడింది. చివరికి 42:7లో దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు.

"ఏం పాపం చేశారో పరీక్షించుకోండి" అనే మాట ఆ గదిలో రాకూడదు. గుడ్డివాడి గురించి అడిగినప్పుడు యోహాను 9:3లో, సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది గురించి లూకా 13:4-5లో యేసు ఆ లెక్కని ఒప్పుకోలేదు. అందుకే 38, 51 కీర్తనలు మొదట్లో తీయకండి. అవి పాపాన్నీ బాధనీ కలిపి చెబుతాయి. రోగి తనంతట తాను ఒప్పుకోలు గురించి మాట్లాడితే అప్పుడు తీయండి.

నిద్ర పట్టనివారికి 77, 130. ఏడుపుతో రాత్రి గడిచేవారికి 6. "నాలో నేనే మాట్లాడుకుంటున్నాను" అనేవారికి 42, 43 కలిపి చదవండి, "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అన్న పల్లవి మూడుసార్లు వస్తుంది.

కుంగదీస్తుందేమో అన్న అభ్యంతరం గురించి: బాధకి మాట దొరకడం వేరు, మానసిక కుంగుబాటు అనే జబ్బు వేరు. రెండోది ఉంటే కీర్తన ఒక్కటే చాలదు. ఏలీయా ప్రవక్త చావాలని కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దూత ముందు ఉపదేశం చేయలేదు. నిద్ర, కాల్చిన అప్పం, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. దేవుడు ప్రశ్న అడిగింది ఆ తర్వాతే. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి నిద్ర పాడవడం కనిపిస్తే డాక్టరుకి చెప్పమని ఇంటివాళ్లతో అనండి. చనిపోవాలని ఉందని, తాను భారమైపోయానని అంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్యసహాయం అందేలా చూడండి. విశ్వాసంతో మందులు మానేయమని ఎవరూ చెప్పకూడదు. కొన్ని మందులు, ముఖ్యంగా మూర్ఛకీ కుంగుబాటుకీ వాడేవి, ఒక్కసారిగా ఆపితే పరిస్థితి విషమిస్తుంది.

దర్శన_సేవ:

చాలా మేలు చేశారు. హనన్యా సంగతి రేపే బృందానికి చెబుతాను. ఇంకో రెండు ప్రశ్నలు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది కదా, దాన్ని రోగి దగ్గర చదవొచ్చా? డాక్టర్లు ఇక నయం కాదని చెప్పేసిన చోట నిరీక్షణ గురించి ఏమని ప్రార్థించాలి?

కీర్తనల_బడి:

88 మొదటిసారి వద్దు. వారు మీతో చనువుగా మాట్లాడడం మొదలయ్యాక, "నాకు చివర్లో స్తుతి రావడం లేదు" అని అన్నప్పుడు తీయండి. చివరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". దాన్ని మెత్తబరచకండి, వెంటనే ఇంకో కీర్తన అతికించకండి. ఒక్క సంగతి మాత్రం చూపించండి. ఆ కీర్తన రాసిన హేమాను 1వ వచనంలో రాత్రీ పగలూ, 9లో ప్రతిదినం, 13లో ఉదయాన దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాడు. స్తుతి లేదు గానీ పిలుపు ఆగలేదు. అంతవరకూ చేయగలిగినవారిని విశ్వాసం పోయిందని ఎవరూ అనకూడదు.

మూలభాష_పాఠకుడు:

రెండో ప్రశ్నకి. దానియేలు 3:17-18లో, అగ్నిగుండంలో వేస్తామని రాజు బెదిరించినప్పుడు ముగ్గురు యూదులు చెప్పిన రెండు వాక్యాలున్నాయి: ఆయన రక్షించగల సమర్థుడు, రక్షించకపోయినా మేం లొంగం. ప్రార్థనలోనూ ఆ రెండూ ఉంచండి. స్వస్థత ఒక్కటే అడిగే బృందం, స్వస్థత రాదని తెలిసిన రోజు నుంచి ఆ ఇంటికి వెళ్లడం తగ్గిస్తుంది. ఇది తెలిసి చేసేది కాదు, చెప్పడానికి మాటల్లేక చేసేది.

హెబ్రీ 11:35ని ఒకసారి చూడండి. ఒకే వచనంలో సగం మంది చనిపోయినవారిని తిరిగి పొందారు, సగం మంది విడుదల పొందక హింస భరించారు, మరి శ్రేష్ఠమైన పునరుత్థానం కోసం. రెండు గుంపులవారికీ ఉన్నది ఒకటే, విశ్వాసం. క్రైస్తవ నిరీక్షణ చివరికి ఆనుకునేది రిపోర్టు మీద కాదు, దేహ విమోచనం మీద (రోమా 8:23). అందుకే శరీరం గురించి తక్కువచేసి మాట్లాడకండి, "ఈ దేహం ఎలాగూ మట్టే కదా" లాంటి ఓదార్పు వద్దు.

ప్రార్థన చిన్నదిగా: నొప్పి తగ్గాలని, ఈ రాత్రి భయం లేకుండా గడవాలని, చూసుకునేవారికి బలం కావాలని, పునరుత్థానంలో లేపే రోజు వరకు నీ చేతిలో ఉంచమని. చూసుకునేవారి పేరు తప్పకుండా పలకండి, వారి సంగతి అందరూ మరచిపోతారు.

మంచం_పక్కన:

ఒక చేర్పు. చివరి రోజుల్లో స్పందన లేకపోయినా వినికిడి ఉండవచ్చు. గదిలో వారి గురించి వారు లేనట్టు మాట్లాడకండి. కొత్త భాగాలు వద్దు, వారికి కంఠతా వచ్చిన ఒక కీర్తన, 23 అయినా సరే, మామూలు గొంతుతో చదవండి. మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పి, ఆ రోజు వెళ్లండి.