ఈ వారం సమస్య: “నీట మునిగి మీను నీల్గె నయ్యొ!”

పానగల్లు పంతులు:
మృగశిర కార్తె నాడు నల్లగొండ చేపల బజార్లో గంటసేపు నిలబడితే నా వంతు వచ్చేసరికి జిలేబి చేపలు, నాలుగు బొచ్చెలు మిగిలినయి, ఆ కోపంలో పుట్టిన సమస్య ఇది. ఇది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, దీనికి అర్థం కుదిరేటట్టు ముందటి మూడు పాదాలు మీరు పూరించాలె. నీళ్లలో పుట్టిన చేప నీళ్లలో మునిగి చావడమేమిటని అడగొద్దు, అదే మీరు చెప్పాలె. ఒక్కటే షరతు, ప్రపంచంలో 30,000కు పైగా చేప జాతులున్నయి, అందులో దాదాపు సగం మంచినీటివే, ఏదో ఒకటి పట్టుకొని నిజంగా జరిగేదే రాయండి. గణాలు తప్పితే దిద్దుతా, చేప తప్పితే ఒప్పుకోను.

జడ్చర్ల బావ:

కల్లు త్రాగి వచ్చి గట్టుపై గూర్చుండి
డిండి నీళ్ళు చూచి డెంద మదిరి
యరచె నొక్కరుండు హతవిధీ యనుచును
“నీట మునిగి మీను నీల్గె నయ్యొ!”

పానగల్లు పంతులు:
బావా, గణాలు, యతులు అన్నీ కుదిరినయి, కానీ ఏ సమస్య ఇచ్చినా నీ పద్యంలో ఒకడు తాగి వచ్చి దాన్ని వాగి పోతడు. పోయిన వారం కూడా వీడే వచ్చిండు. షరతు చదివినవా లేదా?

జడ్చర్ల బావ:
చదివిన. తాగుబోతు నిజంగా జరిగేదే కదా.

హాలియా టీచరమ్మ:
నాది సముద్రం మీద.

ఈదుచుండవలయు నెప్పుడు సొరచేప
ఆగెనేని దాని యాయువాగు
వలను చిక్కి కదల వలను గాక తుదకు
నీట మునిగి మీను నీల్గె నయ్యొ!

పానగల్లు పంతులు:
టీచరమ్మా, మూడో పాదం రెండుసార్లు చదువుకున్న. మొదటి ‘వలను’ వల, రెండో ‘వలను’ వీలు, యతి కూడా దాని మీదనే పడ్డది. రెండో పాదం మొదట్లో విసంధి ఉన్నది, అంటే సంధి కలపకుండా అచ్చును విడిగా వదిలేసినరు, ‘యాగెనేని’ అని మార్చండి, యతి చెడదు. ఇక చేప సంగతి. అన్ని సొరచేపలకూ ఇది వర్తించదు. గ్రేట్ వైట్, మాకో లాంటివి నోరు తెరిచి ఈదుతుంటేనే మొప్పల మీదుగా నీళ్లు పారుతయి, వలలో చిక్కి కదలకపోతే ఊపిరాడక చస్తయి. నర్స్ షార్క్ మాత్రం అడుగున పడుకొని నోటితోనే నీళ్లు లోపలికి తోసుకుంటది.

హాలియా టీచరమ్మ:
ఆ ‘ఎప్పుడు’ నాదే తప్పు సార్. ‘కొన్ని’ అని ఎక్కడో ఇరికించాలి, రాత్రికి చూస్తాను.

పానగల్లు పంతులు:
అన్నట్టు, తిమింగలం పెట్టి పంపిన ముగ్గురికీ ఒకటే జవాబు. అది పిల్లకు పాలిస్తుంది, చేప కాదు. ‘మీను’ అన్న మాట అక్కడ పనికిరాదు.

మక్తల్ పోరడు:
నాకు ఆటవెలది కొత్త, తప్పులుంటే తిట్టకండి. ‘సముద్రపు చేప తెచ్చి కలిపిరి చెరువున’ అని మొదలుపెట్టిన.

పానగల్లు పంతులు:
తమ్మీ, ‘సముద్రపు’లో స లఘువు, ము గురువు, పాదం మొదట్లో రావాల్సింది సూర్యగణం, అంటే మూడు లఘువులు లేదా గురువు తర్వాత లఘువు, అది అట్లా మొదలుకాదు. ‘కడలి’ అని పెట్టు, మూడు లఘువులు, యతికి ‘కలిపిరి’ ఎట్లాగూ ఉన్నది.

మక్తల్ పోరడు:

కడలి చేప దెచ్చి కలిపిరి చెరువున
నుప్పు లేని జలములూరి యూరి
కణములుబ్బి పొట్ట కడవ యట్లై పోయి
నీట మునిగి మీను నీల్గె నయ్యొ!

హాలియా టీచరమ్మ:
భలే! సముద్రపు చేప ఉప్పునీళ్లు తాగుతూ ఎక్కువైన ఉప్పును మొప్పల నుంచి బయటికి పంపుతుంది. మంచినీటి చేప పని దానికి పూర్తిగా వ్యతిరేకం, ఒంట్లోకి ఊరే నీటిని మూత్రంగా పోసేస్తూనే ఉండాలి. ఒకదాని ఏర్పాటు ఇంకోదానికి లేదు కాబట్టి నీ పూరణ నిలబడుతుంది. అయితే గోదావరికి ఎదురెక్కే పులసను, సాల్మన్‌ను, పండుగప్పను మినహాయించాలి, అవి రెండు నీళ్లకూ అలవాటు పడగలవు.

కోయిల్‌సాగర్ వలగాడు:
ఇంత దూరం పోయినరు, మన చెరువులో ఉన్నదాన్ని ఎవరూ చూడలేదు.

కొర్రమట్ట గాలి కొఱకు పైకెగురును
వలకు చిక్కెనేని వశము గాదు
మొప్పలున్ననేమి? మోర పైకెత్తక
నీట మునిగి మీను నీల్గె నయ్యొ!

పానగల్లు పంతులు:
అన్నా! తాగుబోతు లేడు, కల లేదు, శ్లేష కూడా లేదు, సమస్య ఉన్నదున్నట్టు నిజమైపోయింది, అదీ మన తెలంగాణ రాష్ట్ర చేపతోనే. కొర్రమట్టకు తలలో మొప్పల పైన గాలి పట్టే అర ఉంటది, పైకి వచ్చి గుటక వేయకపోతే నీళ్లెన్ని ఉన్నా దానికి సరిపోదు. బజార్లో టబ్బులో కొన్ని నీళ్లు పోసినా బతికే ఉంటది చూడు, అందుకే. అమెజాన్‌లో మూడు మీటర్లు పెరిగే అరపైమాదీ ఇదే బాధ, నిమిషాలు లెక్కపెట్టుకొని పైకి రావాలె. ఒక్క మాట మాత్రం అడుగుత, కొర్రమట్ట ఎగురుతదా?

కోయిల్‌సాగర్ వలగాడు:
వల మీదికెల్లి దుంకుతది కానీ గాలికి కాదు. మెల్లగ మూతి తేల్చి, గుటకేసి దిగుతది. పదం దొరకక ‘ఎగురును’ అన్న.

పానగల్లు పంతులు:
‘కొఱకు పైదేలును’ అను. ‘దేలును’ భగణం, గురువు తర్వాత రెండు లఘువులు, లెక్క సరిపోయింది.

మక్తల్ పోరడు:
ఆఫ్రికా ఊపిరితిత్తుల చేప మీద కూడా రాద్దామనుకున్న సార్, చెరువెండితే బురదలో గూడు కట్టుకొని, ఒంటి జిగురునే తొడుగు చేసుకొని, మళ్లీ వానలు పడేదాకా నిద్రపోతది. నీళ్లున్నప్పుడు అదీ పైకొచ్చి గాలి పీల్చాల్సిందే. కానీ దాని శాస్త్రీయ నామం ‘ప్రోటోప్టెరస్’ ఏ గణంలోనూ ఇరుకుతలేదు.

పానగల్లు పంతులు:
ఆ పేరెందుకు తమ్మీ, ‘బురదలోన నిదురబోవు నాఫ్రిక మీను’. మొదటి పాదం అయిపోయింది. మిగతా రెండూ నువ్వు చూడు, బావను మాత్రం అడగకు.