ట్యూబ్ యాంప్ కొనాలా, సాలిడ్ స్టేట్ తీసుకోవాలా?

విజయనగరం శ్రోత:
అన్నలూ, ఇంట్లో పాటలు వినడానికి మంచి యాంప్లిఫయర్ కొందామని చూస్తున్నాను. హాలు చిన్నదే, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఇప్పటికే ఉన్నాయి, వాటి సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం) 86 డీబీ (డెసిబెల్) అని రాసుంది. ఎక్కువగా వినేది మా ఊరి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, సుశీలమ్మ పాత పాటలు. ఇలాంటి వాటికి సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లతో పనిచేసేది) కంటే ట్యూబ్ (గాజు వాల్వులతో పనిచేసేది) అయితేనే తియ్యగా ఉంటుందని ఒకాయన గట్టిగా చెప్పాడు. 300బీ ట్యూబుతో ఛానెల్‌కి 8 వాట్ల యాంప్ ఒకటి చూశాను, ఖరీదు బాగా ఎక్కువ. తీసుకోవచ్చా?

కళింగపట్నం గాలి:
తమ్ముడూ, ముందు నీ స్పీకర్ల సంగతి చూడు. శబ్దం 3 డీబీ పెరగాలంటే పవర్ రెట్టింపు కావాలి. 86 డీబీ స్పీకర్‌కి 8 వాట్లు పూర్తిగా ఇచ్చినా మీటరు దూరంలో వచ్చేది 95 డీబీ, నువ్వు కూర్చునే చోటికి వచ్చేసరికి అదీ తగ్గిపోతుంది. వయొలిన్ మెల్లగా పెట్టుకుంటే ఫరవాలేదు గానీ మృదంగం మీద గట్టి దెబ్బ పడగానే యాంప్ చేతులెత్తేస్తుంది. ఆ యాంప్ మీదే మనసుంటే సెన్సిటివిటీ 95 డీబీ దాటిన స్పీకర్లు కూడా కొనాలి.

రెండోది కరెంటు. మన దగ్గర వోల్టేజీ ఎలా ఊగుతుందో తెలుసు కదా. బయటి దేశాల నుంచి వచ్చే వాటిలో 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, ఇక్కడ 245 వచ్చిన రోజు ట్యూబుని వేడెక్కించే 6.3 వోల్టుల ఫిలమెంటుకి 7 వోల్టులు పోతాయి, ట్యూబు ఆయుష్షు తగ్గిపోతుంది. స్టెబిలైజర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకో.

బొబ్బిలి వీణ:
నేను రెండూ వింటాను, ట్యూబ్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ తమ్ముడికి సాలిడ్ స్టేటే చెబుతాను. ట్యూబులో తియ్యదనం అనేదానిలో కొంత సెకండ్ హార్మోనిక్ (అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీలో యాంప్ కలిపే ధ్వని) వల్ల వస్తుంది, కొంత ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (స్పీకర్ వైపు యాంప్ లోపలి నిరోధం) ఎక్కువ ఉండడం వల్ల వస్తుంది, అందుకే ఒకే యాంప్ ఒక స్పీకర్‌తో మధురంగా, ఇంకోదానితో బేస్ వదులుగా వినిపిస్తుంది, అంటే మీ స్పీకర్లతో వినకుండా ఎవరు చెప్పినా నమ్మడానికి లేదు. ఇంకో మాట, ద్వారం వారి గ్రామఫోను రికార్డుల కాలానికి స్టూడియోల్లో ఉన్నవన్నీ వాల్వులే, అంటే ట్యూబులే, ట్రాన్సిస్టర్ పుట్టిందే 1947 చివర్లో. ఆ నాదం రికార్డులోనే ఉంది, మీ యాంప్ దాన్ని చెడగొట్టకుండా ఇస్తే చాలు. 50 వాట్ల మంచి సాలిడ్ స్టేట్ ఇంటిగ్రేటెడ్ (ప్రీయాంప్, పవర్ యాంప్ ఒకే డబ్బాలో ఉండేది) తీసుకుని మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి.

విజయనగరం శ్రోత:
వాట్ల లెక్క ఇప్పుడు అర్థమైంది, థాంక్స్ అన్నా. ఈఎల్34 ట్యూబుల పుష్‌పుల్ (ఛానెల్‌కి రెండు ట్యూబులు జతగా పనిచేసే) యాంప్ అయితే 30 వాట్ల పైన వస్తాయంటున్నారు, అదెలా ఉంటుంది?

కళింగపట్నం గాలి:
అది నీ స్పీకర్లకి సరిపోతుంది. కానీ స్టీరియోకి నాలుగు ట్యూబులు, ఫిలమెంట్లకే 38 వాట్లు పోతాయి, మే నెలలో ఆ వేడి హాల్లోనే ఉంటుంది. అరిగితే జతగా సరిపోయేవి తెప్పించుకోవాలి, కొన్నింటికి బయాస్ (ట్యూబులో ఊరికే పారే కరెంటు ఎంతో నిర్ణయించే సెట్టింగు) మనమే సెట్ చేసుకోవాలి. లోపల 400 వోల్టుల పైమాటే, స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో పైన జాలీ లేనిది కొనకు. స్పీకర్ వైర్లు తగిలించకుండా ఆన్ చేసి వాల్యూమ్ పెంచితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచు.